నాన్నగారి డోసు కాగితాల్లో అన్నీ సున్నాలే: పీల్చిన యురేనియం ఎలా లెక్కగట్టాలి?

రాజోలు కాలవగట్టు
అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా నాన్నగారికి 74 ఏళ్లు. 1977 నుంచి 2011 దాకా యురేనియం శుద్ధి చేసే కర్మాగారంలో ఆపరేటరుగా చేశారు. రిటైరయ్యాక రాజోలు దగ్గర మా ఊరొచ్చేసి కొబ్బరితోట చూసుకుంటున్నారు. మొన్న దగ్గు తగ్గట్లేదని కాకినాడ తీసుకెళ్తే కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. ఎక్కడ పనిచేసేవారో విని డాక్టరుగారు "రేడియేషన్ ఎంత తగిలిందో కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగారు.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తీశాను. జీతం స్లిప్పులు, నల్ల అట్ట డైరీలు ఓ ఆరు, రబ్బరు బ్యాండు వేసిన డోసు స్లిప్పుల కట్ట. ముట్టుకోగానే ఆ బ్యాండు పొడిపొడిగా రాలిపోయింది. స్లిప్పుల్లో సగానికి పైగా గళ్లలో 0.00 అనే ఉంది. నాన్నగారేమో "పొడి పసుపు గుండలా లేచేది, సాయంత్రానికి బనీను పచ్చగా అయ్యేది" అంటారు. మా అమ్మ కూడా అదే చెబుతుంది, ఉతికింది ఆవిడే కాబట్టి.

నేను స్లిప్పు నమ్మాలా, బనీను నమ్మాలా?

భీమవరం చెరువుగట్టు
ముందుగా, నాన్నగారు త్వరగా కోలుకోవాలి. ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకండి. చుట్ట కాలుస్తారా?

రాజోలు కాలవగట్టు
కాల్చేవారండీ. లంక పొగాకు, రోజుకి మూడో నాలుగో. 2003 పుష్కరాల్లో గోదాట్లో మునిగి మానేశారు.

భీమవరం చెరువుగట్టు
మరింకేమండీ. కారణం కళ్లెదురుగా ఉంటే నలభై ఏళ్ల కిందటి దుమ్ముని ఇప్పుడెవరు తూస్తారు? వృథా టెన్షన్.

తణుకు టు ఒహాయో
చెరువుగట్టు గారూ, తూస్తారండీ. నేనుండే ఊరికి గంట దూరంలో ఫెర్నాల్డ్ అని ఒక పాత ప్లాంటు ఉండేది. 1951 నుంచి 1989 దాకా అక్కడ అణ్వాయుధాల కోసం యురేనియం లోహం తయారుచేశారు. అలాంటి చోట్ల పనిచేసి క్యాన్సర్ వచ్చినవాళ్ల కోసం అమెరికా 2000లో ఒక చట్టం చేసింది. నయాష్ అనే ప్రభుత్వ సంస్థ ఒక్కో మనిషికి పాత డోసు లెక్కగడుతుంది. దాన్ని బట్టి ఆ క్యాన్సర్ రేడియేషన్ వల్ల వచ్చే అవకాశం ఎంతో చూస్తారు. 50 శాతం గానీ ఆపైన గానీ ఉంటే లక్షా యాభై వేల డాలర్లు ఇస్తారు. ఆ 50 కూడా నడిమి అంచనా మీద కాదు. లెక్కలో ఉన్న అనిశ్చితి అంతా వేసి, నూటికి తొంభైతొమ్మిదో మెట్టు దగ్గర ఎంతుందో చూస్తారు. అంటే అనుమానం ఉన్నచోటల్లా కార్మికుడి వైపే మొగ్గు.

చుట్ట సంగతి కూడా ఆ లెక్కలో ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అయితే పొగ అలవాటు విడిగా అడుగుతారు. అదే డోసుకి పొగ తాగేవాళ్లకి శాతం తగ్గుతుంది గానీ సున్నా అయిపోదు. చుట్ట కాల్చాడు కాబట్టి ఫైలు మూసేయండి అని అక్కడ ఎవరూ అనరు.

భీమవరం చెరువుగట్టు
వాళ్లకి డబ్బులున్నాయండీ, లెక్కలు కడతారు. సరే, వింటున్నా.

గౌతమి ఒడ్డు
అమ్మా రాజోలు గారూ (అమ్మాయో అబ్బాయో తెలియక అమ్మా అన్నాను, అబ్బాయైతే ఏమీ అనుకోవద్దు), నేను ముప్పై ఏళ్లు హెల్త్ ఫిజిక్స్‌లో, అంటే రేడియేషన్ నుంచి పనివాళ్లని కాపాడే విభాగంలో చేసి ఇప్పుడు యానాంలో ఉంటున్నాను. మీ నాన్నగారి ప్లాంటు కాదు. ఈ బ్యాడ్జీలు పంచడం, పోగుచెయ్యడం, అరిచి అరిచి పెట్టించడం మాత్రం నా పనే.

ముందు ఆ సున్నా సంగతి. మన దేశంలో వాడే టీఎల్‌డీ కార్డు (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ) విప్పి చూస్తే ఒక పల్చటి లోహపు రేకు మీద మూడు బిళ్లలుంటాయి, చొక్కా గుండీ అంత. కాల్షియం సల్ఫేట్‌లో రవ్వంత డిస్ప్రోసియం కలిపి టెఫ్లాన్‌తో అదిమి చేసినవి. ఒక బిళ్ల ముందు లోహపు ఫిల్టరు, ఇంకోదాని ముందు ప్లాస్టిక్, మూడోదాని ముందు ఖాళీ. తగిలిన గామా, బీటా కిరణాల శక్తిని దాచుకుని, తర్వాత వేడి చేస్తే వెలుగుగా కక్కుతాయి. ఆ వెలుగే మీ స్లిప్పులో అంకె.

యురేనియంతో ప్రధానమైన బెడద ఆల్ఫా అనే ఇంకో రకం రేడియేషన్. ఆల్ఫా కణం కాగితాన్ని కూడా దాటదు. దుమ్ము ముక్కులోంచి పోయి ఊపిరితిత్తిలో కూర్చుని అక్కడ ఆల్ఫా కొడుతుంటే, బయట జేబుకి పెట్టుకున్న బిళ్లకి ఏం తెలుస్తుంది? కాబట్టి స్లిప్పూ నిజమే, బనీనూ నిజమే. బయటి నుంచి తగిలింది స్లిప్పు చెబుతుంది. లోపలికి పోయిందాన్ని వేరే చోట వెతకాలి.

వెతకడానికి దారులు మూడు: మూత్రపరీక్షలు, గాలి నమూనాలు, ఛాతీ మీద డిటెక్టరు పెట్టి చేసే కొలత. మూడోది మందపాటి ఉక్కు గదిలో చేస్తారు. సహజ యురేనియం అంటే ఊపిరితిత్తుల్లో మిల్లీగ్రాముల లెక్కన ఉంటే తప్ప అది పట్టుకోలేదు. మిగిలినవి మొదటి రెండూ. మీ పెట్టెలో మూత్రపరీక్ష కాగితాలేమైనా ఉన్నాయా?

రాజోలు కాలవగట్టు
అబ్బాయినేనండీ, ఫరవాలేదు బాబాయిగారూ. ఉన్నాయి, పదకొండు. 'యూరిన్ యు' అని రాసి, లీటరుకి ఇన్ని మైక్రోగ్రాములు అని. రెండు మూడు తప్ప అన్నీ చిన్న అంకెలే.

పాలకొల్లు ల్యాబ్
ల్యాబ్ టెక్నీషియన్‌గా ఒక మాట. శాంపిల్ ఏ రోజు, ఏ పూట ఇచ్చారో ముందు చూడండి. రక్తంలో కలిసిన యురేనియంలో చాలా భాగం మొదటి రోజే మూత్రంలో పోతుంది. శనివారం షిఫ్టు దిగి ఇస్తే ఒక అంకె, ఆదివారం ఇంట్లో ఉండి సోమవారం పొద్దున ఇస్తే ఇంకో అంకె. ఇంకో తిరకాసు కూడా ఉంది. డ్యూటీ బట్టల్లో, కడగని చేతులతో సీసా పట్టుకుంటే దుమ్ము సీసాలోనే పడుతుంది. అప్పుడు మనిషి లోపల లేనిది కూడా రిపోర్టులో ఉంటుంది.

తాగే నీళ్లలోనూ కొంచెం యురేనియం ఉంటుంది. బోరు నీళ్లా, కాలవ నీళ్లా అన్నది కూడా రాసుకోండి. మన దేశంలో తాగునీటికి లీటరుకి 30 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టారు.

అమలాపురం అల్లుడు
ఇంత తతంగం ఎందుకండీ, ఇప్పుడు రక్తం తీసి చూస్తే తెలిసిపోదా? హైదరాబాద్‌లో జుట్టు పరీక్ష కూడా చేస్తున్నారట, రేడియేషన్ ఎంత తగిలిందో చెప్పేస్తారట.

గౌతమి ఒడ్డు
జుట్టు పరీక్షకి డబ్బు తగలెయ్యకండి. ఇప్పుడు వెంట్రుకలో ఉన్నది 1985 సంగతి ఎలా చెబుతుంది?

రక్తంలో క్రోమోజోములు చూసే పద్ధతి నిజంగానే ఉంది. మామూలుగా ఒకటే ఉండాల్సిన నడుము ముడి (సెంట్రోమియర్) రెండున్న వంకర క్రోమోజోములు ఎన్నో లెక్కపెడతారు. ఈమధ్య పెద్ద డోసు తగిలితే బాగా పనికొస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అవి తగ్గిపోతాయి. స్థానాలు మారిన క్రోమోజోములు ఎక్కువకాలం నిలుస్తాయి గానీ వయసుతో, పొగతో కూడా పెరుగుతాయి. పంటి ఎనామిల్‌తో చేసే పరీక్ష కూడా ఒకటుంది, రష్యాలో మాయక్ అణుకర్మాగారం కార్మికులకి చేశారు. అది గామాకి సరిపోతుంది, ఊపిరితిత్తిలోని ఆల్ఫాకి పన్ను సాక్ష్యం చెప్పలేదు.

కచ్చితంగా తెలుసుకోవాలంటే చనిపోయాక అవయవాల్లో కొలవడం ఒక్కటే. అమెరికాలో 1968 నుంచి దీనికోసం ఒక రిజిస్ట్రీ నడుస్తోంది, కార్మికులే ఇష్టపూర్వకంగా శరీరం రాసిస్తారు. మూత్రపరీక్షతో కట్టిన అంచనా ఎంతవరకు నిజమో అలా సరిచూసుకుంటారు.

భీమవరం చెరువుగట్టు
అబ్బో. సరేనండీ, ఆ పదకొండు కాగితాల్నుంచి డోసు ఎలా వస్తుంది? మైక్రోగ్రాములు వేరు, రేడియేషన్ వేరు కదా.

గౌతమి ఒడ్డు
మంచి ప్రశ్న. అసలు మెలిక ఇక్కడే ఉంది.

ఒక మిల్లీగ్రాము సహజ యురేనియం అంటే సుమారు 25 బెక్వెరెల్. సెకనుకి పాతిక పరమాణువులు విచ్ఛిన్నమవుతాయనుకోండి. దాన్ని పీలిస్తే డోసు ఎంత? ఐసీఆర్‌పీ (అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం) 68వ ప్రచురణలోని గుణకాలతో లెక్కేస్తే, త్వరగా కరిగే రకమైతే సుమారు 0.015 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలిన డోసు కొలిచే ప్రమాణం). అస్సలు కరగని రకమైతే 0.15. అంటే పది రెట్ల తేడా. అదే మిల్లీగ్రాము, అదే ముక్కు.

ఎందుకంటే యురేనైల్ నైట్రేట్ లాంటిది ఊపిరితిత్తిలో పడగానే కరిగి రక్తంలోకి, అక్కణ్నుంచి కిడ్నీ మీదుగా బయటికి పోతుంది. దాంతో భయం రేడియేషన్ కన్నా కిడ్నీకే ఎక్కువ, సీసం లాంటి భారలోహం కదా. యురేనియం డయాక్సైడ్ అలా కాదు, బాగా కాల్చిన పొడి. ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. మధ్యరకం యురేనియం ట్రయాక్సైడ్.

ఇప్పుడు మూత్రపరీక్ష సంగతికి రండి. కరిగేది పీల్చినవాడి మూత్రంలో అంకె పెద్దగా కనిపిస్తుంది, డోసు చిన్నది. కరగనిది పీల్చినవాడి మూత్రంలో దాదాపు ఏమీ కనపడదు, డోసు పెద్దది. కాబట్టి మీ కాగితంలో చిన్న అంకె చూసి హమ్మయ్య అనుకోవడానికి లేదు, పెద్ద అంకె చూసి హడలిపోవడానికీ లేదు. ఆ నెలలో నాన్నగారు ఏ సెక్షన్‌లో ఉన్నారో తెలిస్తేనే ఆ అంకెకి అర్థం.

పని వరస మామూలుగా ఇలా ఉంటుంది: పసుపుపచ్చ ముద్ద (శుద్ధికి వచ్చే ముడి యురేనియం) సంచులు విప్పి నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించడం, ద్రావణిలోకి లాగి శుద్ధి చెయ్యడం, అమ్మోనియాతో మళ్లీ పచ్చటి అవక్షేపం తియ్యడం, ఎండబెట్టి కొలిమిలో కాల్చడం, హైడ్రోజన్‌తో డయాక్సైడ్ చెయ్యడం, ఆ పొడిని బిళ్లలుగా అదిమి సుమారు 1700 డిగ్రీల్లో కాల్చి, చివర్న సాన పట్టడం. తడిగా ఉన్నచోట దుమ్ము తక్కువ. సంచులు విప్పేచోట, కొలిమి దగ్గర, పొడి ఎత్తిపోసేచోట ఎక్కువ. బనీను పచ్చగా అయ్యిందంటే ముందు మెట్ల దగ్గర ఉన్నట్టు. డయాక్సైడ్ పొడి పచ్చగా ఉండదు, గోధుమ-నలుపు. అమ్మగారిని అడగండి, బనీను ఎప్పుడైనా మసిగా వచ్చేదా అని.

నరసాపురం తీరం
మధ్యలో వచ్చానేమో. మా అంతర్వేది వైపు నల్ల ఇసకలో కూడా రేడియేషన్ ఉందంటారు. మేం చిన్నప్పుడు అందులోనే ఆడుకున్నాం. మాకూ లెక్క కట్టాలా?

గౌతమి ఒడ్డు
ఆ ఇసకలో మోనజైట్ అనే ఖనిజం కొంచెం ఉంటుంది, అందులో ప్రధానంగా థోరియం. యురేనియం పొడి పీల్చడానికీ దీనికీ పోలిక లేదు. ఇసకలో ఆడుకుంటే భయం లేదు.

మోడరేటర్
నల్ల ఇసక గురించి విడిగా చర్చ మొదలుపెట్టుకోండి. ఇంకో సంగతి: ఒక సభ్యుడి వ్యాఖ్యలో కర్మాగారం పేరు ఊహించి రాశారు, తీసేశాం. ప్రశ్న అడిగిన ఆయన పేరు చెప్పదల్చుకోలేదు, దాన్ని గౌరవిద్దాం.

ముమ్మిడివరం లెక్కల మాస్టారు
సున్నాల గురించి నాకొక సరదా లెక్క దొరికింది, రాయకుండా ఉండలేను.

పాత ఫిల్మ్ బ్యాడ్జీ ఒక హద్దు కన్నా తక్కువైతే చూడలేదు. ఆ హద్దు 0.4 మిల్లీసీవర్ట్ అనుకుందాం. వారానికొక బ్యాడ్జీ ఇచ్చి, ఏడాదంతా సున్నా వచ్చిందనుకోండి. ఒక్కో సున్నా వెనక నిజంగా సున్నా ఉండొచ్చు, 0.39 కూడా ఉండొచ్చు. నయాష్ వాళ్లు కనపడని డోసుకి ఆ హద్దులో సగాన్ని నడిమి విలువగా పెడతారు. 0.2 చొప్పున 52 వారాలకి 10.4 మిల్లీసీవర్ట్. అదే మనిషికి నెలకొక బ్యాడ్జీ ఇచ్చి ఉంటే 12 సున్నాలు, 2.4. మూడునెల్లకొకటైతే 0.8.

అంటే ఎంత జాగ్రత్తగా, ఎంత తరచుగా కొలిస్తే కాగితం మీద అంత ఎక్కువ డోసు! మా పిల్లలకి ఈ లెక్క ఇస్తే నన్నే తప్పు పట్టారు.

భీమవరం చెరువుగట్టు
నేనూ పడుతున్నా. ఇదేం లెక్కండీ, ఉన్నదీ లేనిదీ కలిపి సగం వెయ్యడం?

ముమ్మిడివరం లెక్కల మాస్టారు
మీరు చెరువులో రొయ్య ఎంతుందో ఎలా చెబుతారు? నీళ్లు తోడి తూస్తారా?

భీమవరం చెరువుగట్టు
పట్టుబడి దాకా ఎలా తూస్తామండీ. విసురువల నాలుగైదు చోట్ల వేసి కౌంట్ చూస్తాం. చెక్ ట్రేల్లో మేత ఎంత మిగిలిందో చూస్తాం. ఎంత పిల్ల వేశాం, ఎన్నిసార్లు తేలిపోయింది అన్నీ కలిపి బతుకుదల ఇంత అనుకుంటాం. మొన్న రెండున్నర టన్నులనుకున్న చెరువు టన్నూ ఎనిమిది వందలు తేలింది, అది వేరే సంగతి.

...అర్థమైంది మాస్టారూ. కానీ మీరు మరీ తెలివిగా ఇరికించారు.

గౌతమి ఒడ్డు
చెరువుగట్టు గారి పోలిక బాగుంది, వాడుకుంటాను. విసురువల గట్టు పక్కనే వేస్తే ఒక లెక్క, ఏరేటర్ దగ్గర వేస్తే ఇంకో లెక్క కదా. గాలి నమూనాల గొడవ కూడా అచ్చం అదే. గోడకి బిగించిన పంపు చెప్పే దుమ్ము వేరు, సంచి విప్పుతున్న మనిషి ముక్కు దగ్గర దుమ్ము వేరు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని మలిన్‌క్రాట్ ప్లాంటులో 1940ల చివర్లో ముక్కు దగ్గరే పంపు పెట్టి, ఒక్కో పనికి ఎన్ని నిమిషాలు పడుతుందో వాచీ పట్టుకుని రాసి, రోజు మొత్తానికి సగటు కట్టారు. అప్పట్లో వాళ్లు పెట్టుకున్న హద్దుకి కొందరు ఎన్నో రెట్లు పైన తేలారు. ఇన్నేళ్ల తర్వాత లెక్క కట్టేవాళ్లకి ఆ నిమిషాల పట్టికలు బంగారం.

కొలతలు లేని ఏళ్లకి ఏం చేస్తారంటే, అదే పని చేసిన తోటివాళ్ల కాగితాలు తీసుకుంటారు. ఏ సెక్షన్, ఏ ఏడు అని గళ్లు గీసి ఒక్కో గడికి ఒక అంచనా వేస్తారు. తూర్పు జర్మనీలో విస్ముట్ యురేనియం గనుల్లో 1946 నుంచి మొదటి తొమ్మిదేళ్లు రాడాన్ (యురేనియం నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువు) కొలతలే లేవు. తర్వాత దొరికిన కొలతలు, గాలి తోలకం, గని లోతు చూసి నిపుణులు వెనక్కి లెక్క కట్టారు.

తణుకు టు ఒహాయో
మలిన్‌క్రాట్ పేరు వచ్చింది కాబట్టి చెబుతా. అక్కడ 1942 నుంచి 1957 దాకా చేసినవాళ్లకి డోసు సరిగ్గా కట్టడం కుదరదని 2005లో ప్రభుత్వమే ఒప్పుకుంది. అలాంటప్పుడు ప్రత్యేక వర్గంలో చేరుస్తారు. 250 రోజులు పనిచేసి ఉండి, జాబితాలోని 22 రకాల క్యాన్సర్లలో ఒకటి వస్తే చాలు, వ్యక్తిగత లెక్క అడగరు. కాగితాలు పోగొట్టింది యజమాని అయితే దాని శిక్ష కార్మికుడికి వెయ్యకూడదన్నది నా అభిప్రాయం కూడా.

ఇంకోటి. ఉద్యోగంలో చేరేటప్పుడు, ఏటేటా కంపెనీ తీయించే ఛాతీ ఎక్స్‌రేలు కూడా అక్కడ డోసులో కలుపుతారు. పాతకాలం ఫోటోఫ్లూరోగ్రఫీ (తెర మీద పడ్డ ఎక్స్‌రే బొమ్మని ఫోటో తీసే పద్ధతి) అయితే ఒక్కోదాని డోసు ఇప్పటి ఎక్స్‌రేకి చాలా పైన ఉండేది.

కాకినాడ కోర్టు సెంటర్
మన దగ్గర అమెరికా లాంటి శాతాల లెక్కతో చట్టం లేదు. కానీ 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూల్, పార్ట్ బీలో అయోనైజింగ్ రేడియేషన్ వల్ల వచ్చే జబ్బులు ఉండేవి; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఆ పనిలో ఆరు నెలలకి తగ్గకుండా చేసి ఉండాలని ఆ పాత చట్టంలో ఉండేది. ముందు పాత యజమానికి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాయండి: పూర్తి డోసు చరిత్ర, మూత్రపరీక్షలు, వైద్య రికార్డు కావాలని. ఉలుకూ పలుకూ లేకపోతే ఆర్టీఐ.

గౌతమి ఒడ్డు
అవును. టీఎల్‌డీ పెట్టుకున్నవాళ్ల వివరాలతో ముంబైలోని బార్క్‌ (భాభా అణు పరిశోధన కేంద్రం)లో జాతీయ డోసు రిజిస్ట్రీ ఉంది. స్లిప్పు మీద వ్యక్తిగత నంబరు ఉంటుంది, ఉత్తరంలో అది తప్పకుండా రాయండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ రికార్డులు మనిషికి 75 ఏళ్లు వచ్చేదాకా, పని మానేశాక కనీసం 30 ఏళ్లు ఉంచాలి. నాన్నగారికి 74 అన్నారు, మీది రెండు లెక్కల్లోనూ గడువు దాటలేదు.

ఈలోపు మీరు చెయ్యాల్సింది ఒకటుంది, అది ఏ ఆఫీసూ చెయ్యలేదు. నాన్నగారిని కూర్చోబెట్టి అడగండి. "ఫలానా ఏడు ఎక్కడున్నారు?" అంటే ఎవరికీ గుర్తుండదు. మన గుర్తులతో అడగండి. 86 వరదలప్పుడు ఏ సెక్షన్? 91 పుష్కరాలకి సెలవు పెట్టి వచ్చారా, వెనక్కెళ్లి ఏ పనిలో చేరారు? పాసర్లపూడి బ్లోఅవుట్ (గ్యాస్ బావి పేలి మంటలు లేచింది) వార్త ఎవరి పక్కన కూర్చుని విన్నారు? 96 తుపానుకి ఇల్లు కూలిందని టెలిగ్రాం వచ్చినప్పుడు ఏ షిఫ్టు?

రాజోలు కాలవగట్టు
బాబాయిగారూ, నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున అడిగాను. మీరు చెప్పినట్టే అడిగితే ఆశ్చర్యంగా గబగబా చెప్పేశారు. డైరీలతో సరిచూస్తే మూడుచోట్ల కలిసింది.

86 వరదలప్పుడు సంచులు విప్పేచోట ఉన్నారు. 91 పుష్కరాల నాటికి కొలిమి దగ్గర. పక్కన గోపాలపురం ఆయన ఒకరుండేవారట, ఆయన మావిడి తాండ్ర తెచ్చేవాడని కూడా చెప్పారు. బ్లోఅవుట్ నాటికి, అంటే 1995 జనవరికి, బిళ్లలు సాన పట్టేచోట. అక్కడ నీళ్లు పోస్తూ సాన పట్టేవారట, దుమ్ము అంతగా లేదంటారు. నీళ్లు ఆరిన తర్వాత ట్రే కింద పేరుకున్న నల్లటి పొడి మాత్రం బ్రష్షుతో ఊడ్చేవారట. వారానికొకసారి, ఎక్కువగా శనివారం.

అమ్మని బనీను సంగతి అడిగాను. "పచ్చగా వచ్చినన్నాళ్లు పచ్చగా వచ్చింది, తర్వాత మసి. మసి వదిలేది కాదు, సబ్బుతో బండకేసి బాదేదాన్ని" అంది. ఏ ఏడాదో తెలీదంది. మా చెల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి అంది. చెల్లి 1993లో పుట్టింది.

మాస్క్ ఇచ్చేవారట. కళ్లజోడు మీద ఆవిరి పట్టేస్తోందని మెడకి దింపుకునేవారట. ఆ మాట చెప్పి కాసేపు మాట్లాడలేదు.

పదకొండు మూత్రపరీక్షల్లో పెద్ద అంకెలు మూడూ 84, 86, 87ల్లోవి. 93 తర్వాతవన్నీ చిన్నవే.

పాలకొల్లు ల్యాబ్
93 తర్వాత చిన్నవంటే మసి రోజులన్నమాట.

గౌతమి ఒడ్డు
ల్యాబ్ గారు సరిగ్గా పట్టుకున్నారు. ఆ చిన్న అంకెల్నే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. కరగని రకం అనుకుని ఒకసారి, మధ్యరకం అనుకుని ఒకసారి, రెండు లెక్కలూ వేయించాలి. ఒక్క అంకె రాదు, ఇంత నుంచి ఇంత దాకా అని ఒక పరిధి వస్తుంది. డాక్టరుగారికి అలాగే చెప్పండి. వైద్యం దీనికోసం ఆపొద్దు, డోసు ఎంతైనా చేసే వైద్యం అదే.

బాబూ, ఇంకో మూడు సంగతులు అడిగి రాస్తావా. 93 తర్వాత శాంపిల్ సోమవారం ఇచ్చేవారా, శనివారం ఊడ్చిన తర్వాతా? బ్రష్షుతో ఊడ్చేటప్పుడు మాస్క్ పైకి ఉందా, కిందకి ఉందా? ఊడవడానికి ఎన్ని నిమిషాలు పట్టేది?

రాజోలు కాలవగట్టు
ఇప్పుడే అన్నం తిని పడుకున్నారండీ. లేచాక అడిగి రాస్తాను. నిమిషాలు మాత్రం నాకు తెలుసు. చిన్నప్పుడు శనివారం బస్సు ఎప్పుడూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చేది, గేటు దగ్గర నిలబడి చూసేవాణ్ని.